రహీం సారు ఎడమకాలి పాఠం

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని సామెత. డిగ్రీ కాగానే బి.పి.ఇడి. చదువుతానని ఇంట్లో చెప్పిననాడు మా నాయన దాన్ని ఇంకో తీరుగా చెప్పిండు: "నీకే ఆడరాదు, ఇంకొకరికి ఏం నేర్పుతవురా?" ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. జగిత్యాలలో ఫుట్‌బాల్ పోటీలకు పోయిన మా జట్టులో నేను మూడు రోజులూ బెంచీ మీద కూర్చున్నవాణ్ణే. కాకపోతే ఆ మాటకు జవాబు వెతుకుతుంటే నాకొక మనిషి దొరికిండు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో హైదరాబాదులో పుట్టిండు. ఉస్మానియాలో చదివి, విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, బడిపంతులు అయిండు. మంచి ఆటగాడేనంటారు గాని దేశం జట్టుకు ఒక్క ఆట కూడా ఆడలేదు. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. ఈ జట్టుకూ ఆ జట్టుకూ తిరిగి, పెద్ద పేరేమీ రాకుండా ఆట ముగించుకొని, ఆ తర్వాత మేనేజర్లయి జట్లను గెలిపించినవాళ్లు అందులో చాలామంది ఉన్నారు. అటువంటి కథ మన గడ్డ మీద వెతికితే నాకు రహీం సారే కనబడతడు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిండు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేతికి తీసుకున్నడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కప్పుల లెక్క అట్లుంచి, అసలు ఆయన నేర్పిన తీరు చూడండి.

మన పిల్లగాళ్లకు బంతి దొరికితే వదలబుద్ధి కాదు. ఒకణ్ణి, ఇద్దర్ని తప్పించి, మూడోవాని దగ్గర పోగొట్టుకుంటరు. "అట్ల చేయకు" అని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. రహీం సారు చెప్పుడు బంద్ చేసి నియమమే మార్చిండు. బంతిని కాలి దగ్గర పెట్టుకొని తప్పించుకుంట పోవద్దు, వచ్చిన బంతిని వెంటనే పక్కవానికి అందియ్యాలె అనే షరతుతో పోటీలు పెట్టిండు. మనిషి ఎంత ఉరికినా బంతి అంతకన్న జోరుగా పోతది, ఇది మా ఫిజిక్సు చదవకున్నా తెలిసే సంగతే. కానీ అది కాలికి తెలవాలంటే అటువంటి ఆట ఆడాలె. అట్లనే చేతకాని కాలితోనే, అంటే చాలామందికి ఎడమకాలితోనే, బంతి తన్నాలన్న పోటీలు కూడా పెట్టిండు. లోపం ఎక్కడున్నదో అక్కడనే పోటీ పెట్టుడన్నమాట.

దెబ్బలు తినలేదని కాదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతుల్లో 10–1తో ఓడింది. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడిరి. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయినయి.

1956 మెల్‌బోర్న్ నాటికి జట్టు తీరే మారింది. మధ్య ఫార్వర్డును ముందర నిలబెట్టకుండా కొంచెం వెనక్కి జరిపిండు. ఎదుటి జట్టులో అతన్ని కాసే మనిషి వెంట వస్తే వెనుక గండి పడుతది. రాకుంటే మనవానికి అడ్డం ఉండదు. రెండూ మనకు లాభమే. హంగరీవాళ్లు ఆడి చూపిన ఉపాయం ఇది.  మెల్‌బోర్న్‌లో మనం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచినం. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిండు.

1962 జకార్తా కథ 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవారికి తెలుసు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతుల్లో 2–0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. వేరే శిక్షకుడైతే అతన్ని పక్కన కూర్చోబెట్టేవాడేమో. రహీం సారు అతన్ని తీసుకుపోయి ఫార్వర్డుగా నిలబెట్టిండు. సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్! అదే కొరియాను 2–1తో ఓడించిరి. ఇంకో గోల్ పి.కె. బెనర్జీది. అప్పటికే సారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నడు. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న చనిపోయిండు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

ఇదంతా చదివినంక ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఎండకాలం సెలవులల్ల కోరుట్ల దగ్గర మా ఊళ్లో, కోత అయిపోయిన మడిలో పిల్లగాళ్లను పోగేసిన. సిరిసిల్ల నుంచి వచ్చిన నా రూమ్మేటు రెఫరీ. ఎడమకాలితోనే తన్నాలె, కుడికాలు తగిలితే బంతి ఎదుటివాళ్లదని చెప్పినం. మొదటినాడు నవ్వుకుంటనే గడిచింది. తన్నబోయి పడేటోడొకడు, బంతి ఒకదిక్కు తానొకదిక్కు పోయేటోడొకడు. వరి కొయ్యకాళ్లు గుచ్చుకొని ఇద్దరు ఇంటికి పోయిరి. పదోనాటికి, ఏడో తరగతి చదివే ఒక పిల్లగాడు మడి ఈ గట్టు నుంచి ఆ గట్టున ఉన్నవాని కాళ్ల కాడికి ఎడమకాలితో బంతి పంపిండు.

మా నాయన గట్టు మీద నిలబడి చూస్తుండె. బి.పి.ఇడి. సంగతి ఎత్తలేదు. "మడి దున్నుడు ఇంకో వారం ఆపుదమా?" అని మాత్రం అడిగిండు.