నీడ కంచెకు క్లెమాటిస్

బ్రిటన్‌లో ఉత్తరం వైపు తిరిగిన పెరటి కంచె మీద ఎండ పెద్దగా పడదు. అలాంటి చోటికి క్లెమాటిస్ తీగల్లో ముందుగా చెప్పుకోవలసింది నెల్లీ మోజర్. 1897లో ఫ్రాన్స్‌లో రూపొందిన రకమిది. దాని లేత గులాబీ రేకుల నడుమ ఉండే ముదురు చార ఎండ తగిలితే వెలిసిపోతుంది, నీడలో నిలుస్తుంది. కాబట్టి ఈ రకానికి నీడ లోపం కాదు, లాభమే.

ఆల్పినా, మాక్రోపెటాలా జాతులు చలికి జంకవు. వసంతంలో తలవాల్చిన గంటల్లాంటి పూలు పూస్తాయి. రెండు మూడు మీటర్లకు మించి పెరగవు కనుక మామూలు కంచెకు చక్కగా సరిపోతాయి. మోంటానా కూడా నీడకు ఓర్చుకుంటుంది గానీ, ఎనిమిది మీటర్లు దాటి పాకి పక్కింటి షెడ్డు కూడా ఎక్కేస్తుంది. చిన్న పెరట్లో దాని జోలికి పోకపోవడమే మేలు. విటిసెల్లా రకాలకు ఎండ చాలకపోతే పూత తగ్గుతుంది.

క్లెమాటిస్‌కు నులితీగలుండవు. ఆకు తొడిమే సన్నటి ఆధారాన్ని చుట్టుకుని తీగను పైకి మోస్తుంది. వెడల్పాటి చెక్క పలక మీద దానికి పట్టు చిక్కదు. అందుకే కంచెకు వైర్లు లాగి కట్టాలి. కంచె మొదట్లో వాన సరిగ్గా పడక నేల పొడిబారుతుంది. అక్కడికి 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎడంగా నాటి, తీగను కంచె వైపు వాల్చడం మంచిది. పెద్ద పూల రకాలనైతే కుండీలో ఉన్నదానికంటే 5 నుంచి 8 సెంటీమీటర్లు లోతుగా పాతాలి. ఎండు తెగులు సోకి పైభాగమంతా మాడిపోయినా మట్టిలోని కణుపులు మళ్లీ చిగురిస్తాయి.