కాటన్‌పేట నుంచి కోలారు దాకా: నీటి వరుసలో ఒక రోజు

స్విట్జర్లాండ్ ప్యాకేజీ టూర్లలో తరచూ చూపించే లూసర్న్ సరస్సు సముద్రమట్టానికి 434 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరు ఉన్నది దాదాపు 920 మీటర్ల ఎత్తున. అంటే ఆ ఆల్ప్స్ సరస్సు కంటే రెట్టింపు ఎత్తులో ఇక్కడ చెరువులు ఉన్నాయి. తేడా అంతా లోతులో ఉంది. హిమానీనదాలు వేల ఏళ్లు కొండల్ని దొలిచి వదిలిపెట్టిన లూసర్న్ లోతు 214 మీటర్లు. బెంగళూరు చెరువులు వాగులకు అడ్డంగా మనుషులు కట్టలు పోసి నిలిపినవి, వాటి లోతు కొద్ది మీటర్లే. అక్కడ సరస్సును చూస్తే కొండ గుర్తుకొస్తుంది. ఇక్కడ చెరువును చూస్తే కట్ట మోసిన మనిషి గుర్తుకు రావాలి.

గైడు వెంట సరస్సులూ పల్లెలూ తిరిగి సాయంత్రానికి బసకు చేరుకునే ఆ ఆల్ప్స్ రోజును ఇక్కడా గడపవచ్చు. కాకపోతే నగరదర్శన బస్సు వెళ్లే వరుస పనికిరాదు, నీళ్లు వెళ్లే వరుసలో తిరగాలి. అలా తిరిగితే ఈ ఊరు నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటోందో, ఎక్కడ పారబోస్తోందో ఒక్క రోజులో తెలుస్తుంది. మొదలుపెట్టడానికి కాటన్‌పేట కంటే మంచి చోటు లేదు.

ఈ పేట పక్కనే మెజెస్టిక్ బస్టాండు ఉంది. రాయలసీమ నుంచి, హైదరాబాదు నుంచి బస్సు దిగే తెలుగువాళ్లలో చాలామంది ఈ ఊళ్లో తొలి అడుగు వేసేది ఆ చుట్టుపక్కలే. ఆ నేల ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. 1537లో కెంపేగౌడ కోటా పేటా కట్టించినప్పుడు పేటకు నీళ్ల కోసం తవ్వించిన చెరువుల్లో అదొకటని చెబుతారు. కెంపేగౌడ పేరిట తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం కూడా ఉంది. ఊరు కట్టినవారికి మన భాషతో ఉన్న చుట్టరికం అది. నైరుతి దిక్కుగా గవిపురం వైపు వెళితే కెంపాంబుధి చెరువు ఇంకా కనిపిస్తుంది. ఇక్కడి వాన వృషభావతిలోకి, అక్కణ్ణుంచి అర్కావతిలోకి, చివరికి కావేరిలోకి పోతుంది.

మెజెస్టిక్ నుంచి తూర్పుగా ఓ మూడు కిలోమీటర్లు వెళితే కంఠీరవ స్టేడియం వస్తుంది. అది సంపంగి చెరువు నేల. అక్కడ పడిన వాన కావేరి వైపు పోదు, కోరమంగల–చల్లఘట్ట లోయ దిగి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. ఒకే వాన, మూడు కిలోమీటర్ల తేడాతో రెండు నదులకు చీలిపోతుంది. పెద్ద నది ఒడ్డున లేని ఊరు ఇంతకాలం ఎలా బతికిందో తెలియాలంటే ఈ రెండు చోట్ల మధ్య ఉన్న గట్టు మీదే నిలబడి చూడాలి. రెండు వైపులా వాలు ఉంది కాబట్టి రెండు వైపులా చెరువులు మెట్లు మెట్లుగా దిగాయి. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీళ్లు. ఏ మడికి ఎంత, ఎప్పుడు అని తూము దగ్గర నిర్ణయించేవాడు నీరుగంటి.

సంపంగి చెరువు నీళ్లతో కూరగాయలూ పూలూ పండించినవారు తిగళులు. చైత్ర పౌర్ణమికి కరగ ఉత్సవం చేసేదీ వాళ్లే. చెరువు పోయినా ఒక చిన్న నీటి గుంట మిగిలింది, కరగ క్రతువులకు ఆ గుంటే ఆధారం. ధర్మరాయస్వామి గుడి నుంచి రాత్రివేళ బయలుదేరే కరగ ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి వెళ్లడం ఆనవాయితీ. నీళ్లు ఎండినా నీళ్ల పండగ మాత్రం ఈ వీధి మీదుగానే సాగుతోంది. గైడు ఎవరైనా సరే, ఇక్కడ తొందరపెట్టకూడదు.

ఇన్ని చెరువులు ఎందుకు పోయాయి? ఆక్రమణలు ఒక్కటే కారణం కాదు. 1896లో హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్లొచ్చాయి. 1933లో తిప్పగొండనహళ్లి జలాశయం వచ్చింది. దాన్ని సిఫారసు చేసిన కమిటీకి పెద్ద మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతం. 1974లో కావేరి నీళ్లొచ్చాయి. కుళాయి దగ్గరైన కొద్దీ చెరువు అక్కర్లేని నేల అయిపోయింది. కోరమంగల చెరువు మీద జాతీయ క్రీడల గృహసముదాయం లేచింది, చల్లఘట్ట చెరువు గోల్ఫ్ మైదానమైంది. ఐఐఎస్‌సీ పరిశోధకుల అంచనాలో 1800 ప్రాంతంలో 1452 జలవనరులు ఉన్న నేల మీద ఇప్పుడు రెండు వందల లోపే మిగిలాయి.

అక్కర్లేదనుకున్న నీటి ఖరీదు ఒకసారి లెక్క వేద్దాం. 2024 అక్టోబరులో అయిదో దశ మొదలయ్యాక కావేరి పథకం సామర్థ్యం రోజుకు 222.5 కోట్ల లీటర్లకు చేరింది. ఆ నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కి వస్తుంది. వెయ్యి లీటర్లను 500 మీటర్లు ఎత్తాలంటే, పంపు ఒక్క చుక్క శక్తినీ వృథా చేయకపోయినా, 1.36 యూనిట్ల కరెంటు కావాలి. ఇది భౌతికశాస్త్రం చెప్పే కనీసం. మొత్తం నీటికి ఆ లెక్కన రోజుకు 30 లక్షల యూనిట్లు. అసలు పంపులకు ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు వాన లెక్క. నగర పాలక పరిధి సుమారు 741 చదరపు కిలోమీటర్లు, ఏడాదికి సగటు వర్షం 970 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ నేల మీద పడేది ఏడాదికి దాదాపు 71,900 కోట్ల లీటర్లు, అంటే రోజుకు 197 కోట్లు. కావేరి నుంచి ఎత్తి తెచ్చేదానికి చాలా దగ్గర! ఇదంతా పట్టుకోలేం. కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది, కొంత నేరుగా కాలువ పాలవుతుంది. కానీ నాలుగో వంతు నిలిపినా రోజుకు 49 కోట్ల లీటర్లు, అదీ కొండెక్కించే ఖర్చు లేకుండా. పాత చెరువులు చేసిన పని అదే.

మధ్యాహ్నం చేరాల్సింది బెళ్లందూరు. సుమారు 900 ఎకరాలతో నగరంలోకెల్లా పెద్ద చెరువు ఇది. ఇందులో ఒక్క మీటరు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే 364 కోట్ల లీటర్లు, కావేరి పథకం ఒకటిన్నర రోజులకు పైగా తెచ్చినంత. కానీ లోయ పైభాగం నుంచి ఇక్కడికి చేరింది ఎక్కువగా మురుగే. 2015లో, 2017లో, మళ్లీ 2018 జనవరిలో ఈ చెరువు తగలబడింది. ఒకప్పుడు పల్లెవాళ్లు తాగిన చెరువు మంటల్లో ఉండటం ఆ ఊరివాళ్లకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించలేను. ఉత్తరాన జక్కూరులో మరో దారి కనిపిస్తుంది. అక్కడ శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు ముందు తుంగతో నిండిన మడుగులో వడపోతకు గురై, తర్వాతే దాదాపు 160 ఎకరాల చెరువులో చేరుతుంది. పక్షులూ చేపలూ అక్కడ బతుకుతున్నాయి.

రోజు ఇక్కడితో ముగియకూడదు. బెళ్లందూరు ఉన్న కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి రోజుకు 44 కోట్ల లీటర్లు ప్రధానంగా కోలారు జిల్లాలో ఉన్న 126 చెరువులకు పంపాలని ఒక పథకం వేశారు. 2018 జూన్‌లో తొలి నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. మరుసటి నెలలోనే నురగ కనిపించడంతో హైకోర్టు ఆపేసింది, తర్వాత మళ్లీ మొదలైంది. కోలారు జిల్లా పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. వెయ్యి అడుగుల లోతు బోర్లు కూడా ఎండిన ఆ నేలలో చెరువు నిండటం చిన్న విషయం కాదు. బావుల్లో నీరు పైకొచ్చిందని రైతులు సంతోషించారు. రెండో దశ శుద్ధితో ఆపేసిన నీరు భూగర్భంలోకి దిగితే ఏమవుతుందని అడిగినవారూ ఆ రైతులే. నగరం వాడి వదిలిన నీటిని పల్లెకు ఇస్తున్నప్పుడు మూడో దశ దాకా శుద్ధి చేసి ఇవ్వడం న్యాయం. ఆ ఖర్చు నగరమే భరించాలి.

కోలారు బెంగళూరుకు సుమారు 70 కిలోమీటర్లు. తెల్లవారగానే కాటన్‌పేటలో బయలుదేరితే చీకటి పడేలోగా అక్కడ ఒక కట్ట మీద నిలబడవచ్చు. నవంబరు, డిసెంబరు నెలలు మంచివి, వానలు వెనకబట్టి చెరువుల్లో నీళ్లు ఉంటాయి. టైము చాలకపోతే అలసూరు, శాంకీ చెరువులను మరో రోజుకు వదిలేయండి, కోలారును మాత్రం వదలకండి.