డేగల కొండపై లెక్క

ఆకాశమున ఎగిరిపోవు పక్షులను లెక్కించుట ఇసుక రేణువులను లెక్కించుట వంటిదే కదా యని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. కాని ఓపికతో ఏటేట వ్రాసి యుంచిన అట్టి లెక్కయే ఒక దేశమున కంటికి కానరాక వ్యాపించుచున్న కీడును బయటపెట్టుటకు తోడ్పడినది. ఆ విషయమును ఇచట వివరింతుము.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున కిటటినీ అను పొడవైన కొండవరుస కలదు. ఉత్తరమున చలి ముదురక పూర్వమే డేగలు, గ్రద్దలు దక్షిణమునకు తరలిపోవును. వానిలో వేలకొలది ఈ వరుస వెంబడినే పయనించును. ఇందుకు కారణము గాలి. వాయవ్యమునుండి వీచు గాలి కొండకు తగిలి పైకి లేచును. ఆ గాలిపై రెక్కలు చాచి పక్షి శ్రమలేకయే క్రోసులకొలది సాగిపోవును. ఎండకు కాగిన నేలనుండి లేచు వేడిగాలియు ఇట్లే ఉపకరించును. మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నము గ్రద్దలు రెక్క లాడింపక చుట్లు తిరుగుచు పైకి పోవుట మనమందరము చూచినదే.

పక్షులు చేరు చోటికి తుపాకులును చేరినవి. వేటపక్షులు కోళ్ళకు, చిన్న జంతువులకు శత్రువులని తలచి, కొందరు వినోదమునకై, ప్రతి శరత్తునందును వానిని వందలకొలది కూల్చుచుండిరి. 1929లో ఒక జాతి డేగను చంపినవారికి 5 డాలర్ల బహుమానము కూడ ప్రకటింపబడెను. 1934లో శ్రీమతి రొజాలీ ఎడ్జ్ సుమారు 1,400 ఎకరముల కొండభూమిని కౌలునకు గైకొని, మారిస్ బ్రౌన్ దంపతులను కావలి నుంచిరి. కాల్పులు నిలిచినవి. హాక్ మౌంటెన్, అనగా డేగల కొండ, అను ఆ చోటనే బ్రౌన్ దుర్భిణితో లెక్క మొదలిడిరి.

ఈ లెక్కకు నేర్పు కావలెను. ఎంతో ఎత్తున పోవు పక్షి రంగు స్పష్టముగ తెలియదు. రెక్కల తీరు, తోక పొడవు, ఎగురు విధము చూచి జాతిని గుర్తింపవలెను. సెప్టెంబరు నడుమ వెడల్పు రెక్కల డేగలు గుంపుగూడి సుడివలె తిరుగును. అప్పుడు లెక్కించినచో పొరపాటు తప్పదు. అవి పైకి చేరి, ఒకదాని వెంట నొకటి బారులు తీరి జారిపోవునపుడే లెక్కింతురు. గాలి దిక్కును, మబ్బును కూడ గంటగంటకు వ్రాసికొందురు. ఏలయన, ఒకనాడు పక్షులు తగ్గుటకు గాలి మారుటయే కారణము కావచ్చును. ఒక్క యేటి అంకె వలన నిజము తేలదు. అనేక వత్సరముల అంకెలను పోల్చి చూడవలెను.

అమెరికా జాతీయ చిహ్నమైన తెల్లతల గ్రద్ద విషయమున ఇట్లే జరిగినది. దాని తల తెల్లబడుటకు నాలుగైదేండ్లు పట్టును. కావున పిన్నపక్షిని దూరమునుండియే గుర్తింపవచ్చును. 1935 నుండి 1939 వరకు అచట కానవచ్చిన ఈ గ్రద్దలలో నూటికి 40 పిన్నవి. 1955 నుండి 1959 వరకు నూటికి 20 మాత్రమే. 1957లో 32 పెద్ద పక్షులకు ఒక్క పిన్నపక్షి కనబడెను. పెద్దవి ఎగురుచునే యున్నవి, పిల్లలే కరవైనవి. 1962లో రేచెల్ కార్సన్ తమ ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథమున ఈ అంకెలను సాక్ష్యముగ చూపిరి. పురుగులను చంపుటకు చల్లిన డి.డి.టి. నీటిలో చేరి, చేపల ద్వారా గ్రద్దల కడుపు చేరినది. దానివలన గ్రుడ్ల పెంకులు పలుచనై, పొదుగునపుడే పగిలిపోయినవని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 1972లో ఆ దేశము డి.డి.టి. వాడుకను నిషేధించినది. గ్రద్దలు మరల వృద్ధిచెంది, 2007లో ఆపదలోనున్న జంతువుల పట్టికనుండి తొలగింపబడినవి.

మన దేశమునను 1990 ప్రాంతమున దారుల వెంబడి వేటపక్షులను లెక్కించిరి. 2000లో అదే లెక్కను మరల చేయగా రాబందులు నూటికి 90కి పైగా తగ్గినట్లు తేలినది. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ మందే కారణమని పిదప తెలిసి, 2006లో పశువైద్యమున దానిని నిషేధించిరి. మొదటి లెక్క లేకున్న రెండవదానికి అర్థమే యుండదు.

డేగల కొండపై, యుద్ధకాలమున మూడేండ్లు తప్ప, ఏటేట లెక్క సాగుచునే యున్నది. ఆగస్టు నడుమ నుండి డిసెంబరు నడుమ వరకు ఎవరో ఒకరు ఆ బండలపై కూర్చుండి ఆకాశమును చూచుచునే యుందురు. క్షేమముగ నున్న పక్షిని లెక్కించుట వ్యర్థశ్రమ కాదు. అది తగ్గిననాడు, తగ్గినదని చెప్పగలుగుటకు అదియే ఆధారము.