చూసే వదిలుంటారు గదా!

కార్వేటినగరం స్కంద పుష్కరిణి మెట్ల మీద ఒక అవ్వ మెడలోని నల్లతాడు పైకి లాగి, దానికి వేలాడే రాగిబిళ్ల చూపించింది. తెల్లారుజామున టీవీలో చూసి, మనవడితో ఫోన్ చేయించి తెప్పించుకున్న యంత్రమట. ఇంట్లో డబ్బు నిలుస్తుందని చెప్పారట. "టీవీలో ఏస్తా ఉండారంటే ఎవురో పెద్దోళ్లు చూసే వదిలుంటారు గదా నాయనా?" అంది.

చూడరు అవ్వా. ప్రైవేటు ఛానళ్లలో వచ్చే ఇలాంటి ప్రకటనల్ని ప్రసారానికి ముందే చూసి ఆమోదించే ప్రభుత్వ వ్యవస్థ ఏదీ లేదు. ఏది వేయాలో, ఏది ఆపాలో తేల్చుకునేది ఆ ప్రకటన మీద డబ్బు తీసుకునే ఛానలే.

ముందే చూసి తీరాల్సిన ప్రకటన ఒకటుంది. అది రాజకీయ పార్టీలది. ఆ కట్టడి పుట్టింది మన తెలుగు గడ్డ మీది తగవులోంచే. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ఏడోది రాజకీయ, మత ప్రచార ప్రకటనలు కూడదంటుంది. 2004 ఎన్నికల ముందు జెమిని టీవీ తదితరులు కోర్టుకెక్కగా, మార్చి 23న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధాన్ని పక్కన పెట్టింది. మనకు పోలింగ్ ఏప్రిల్ 20న, 26న. ఇంకేముంది, పార్టీలు ఒకదానిమీద ఒకటి బురద చల్లుకోవడానికి టీవీ తలుపులు బార్లా తెరుచుకున్నట్టే. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎన్నికల సంఘం ఏర్పాటుచేసే కమిటీ చూడనిదే ఏ రాజకీయ ప్రకటనా ప్రసారం కాకూడదని ఏప్రిల్ 13న అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. అప్పటినుంచి పార్టీలు, అభ్యర్థులు మూడు రోజుల ముందు, ఇతరులు ఏడు రోజుల ముందు ప్రకటన ప్రతిని, అందులోని మాటల రాతప్రతిని సమర్పించాలి. తీయడానికి ఎంతయింది, ఎన్నిసార్లు వేస్తారు, దానికెంత అన్నదీ చెప్పాలి. చెల్లింపు చెక్కు రూపంలోనో డ్రాఫ్టు రూపంలోనో జరగాలి. ఓటు విషయంలో దేశం ఇంత జాగ్రత్త పడింది. మంచి పనే.

ఒంటికీ సొమ్ముకూ సంబంధించిన ప్రకటనలకు ఆ జాగ్రత్త ఎందుకు లేదు?

రాతలో లోటేమీ లేదు. మహిమలున్నాయని నమ్మించే ప్రకటనలు కూడదని అదే ఏడో నిబంధన చెబుతోంది. ప్రకటనల సంస్థలు 1985లో స్వీయ నియంత్రణ కోసం పెట్టుకున్న మండలి ఆస్కీ. దాని నియమావళికి 2006లో ఈ నిబంధనల్లోనే చోటిచ్చారు. టీవీలో ఇలాంటి యంత్రాల అమ్మకం చట్టవిరుద్ధమని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తీర్పే ఇచ్చింది. అయినా బిళ్ల అవ్వ మెడలోకి చేరింది.

రమ్మీ సంగతి ఇంకా బాధాకరం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. టీవీ సిగ్నలుకు రాష్ట్ర సరిహద్దు తెలీదు కదా! నిషేధమున్న ఊళ్లోనే ఆ ప్రకటన మోగింది. వ్యసనమవుతుందన్న హెచ్చరికను మాత్రం ఊపిరి తిప్పుకోకుండా చదివేసేవారు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చేదాకా ఇదే తీరు. ఆ లోపు అప్పులపాలైన కుర్రాళ్ల ఇళ్లకు ఎవరు జవాబుదారీ?

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద నడిచిన పతంజలి కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టు, ప్రసారానికి ముందు ప్రకటనదారు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలంది. తర్వాత దాన్ని ఆహార, ఆరోగ్య రంగాలకే పరిమితం చేశారు. అక్కడా సంతకం అమ్ముకునేవాడిదే. ఛానల్లో బాధ్యతగల ఒక మనిషి కూర్చుని చూసి, తన పేరుతో సంతకం చేసేదాకా నాకు నమ్మకం కుదరదు.

ఆస్కీకి వాట్సాప్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చని అవ్వకు చెప్పాను. "ఓట్లప్పుడు ముందే చూస్తారంటివే, మాకెందుకు చూడరు?" అని అడిగి, రాయమంది. కాగితం తీశాను. ఏ ఛానల్, ఏ రోజు, ఎన్ని గంటలకు? అవ్వకు ఛానల్ పేరు గుర్తులేదు. పాలు పితికే పొద్దని మాత్రం చెప్పింది.