తలుపునకు రెండు ధర్మములు

మొన్నటి వేసవిలో మాదాపురమునందలి యొక కార్యాలయ భవనమునకు మిత్రుని చూడబోయి, లోపలి పనికి పట్టిన కాలముకంటె వాకిట నిలిచిన కాలమే యెక్కువ కాగా, అచ్చటి కావలి పద్ధతిని తీరికగా పరికించు అవకాశము నాకు గలిగెను. నా ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకొని, కెమెరా యెదుట నిలువబెట్టి ఛాయాచిత్రము తీసి, ఫోను కెమెరాపై ఎఱ్ఱని స్టిక్కరు అంటించి, మెడలో వేసికొనుటకు ఒక కార్డు నిచ్చిరి. ఆ నడుమ ఒక యువతి, ఒక చేత లాప్‌టాప్ సంచియు మఱొక చేత టిఫిను డబ్బాయు పట్టుకొని పరుగున వచ్చి, అద్దపు గేటు ముందు మెడ తడుముకొని, ట్యాగు ఇంటిలోనే మరచితినని గ్రహించి నిలిచిపోయెను. కావలియున్న పెద్దాయన ఆమెను మూడేండ్లుగా ప్రతి ఉదయమును చూచుచున్నవాడే. "మిమ్మల్ని నేనెరగనా అమ్మా! గేటు ఒప్పుకోవాలి కదా" అని నొచ్చుకొనుచు చెప్పి, లోపలికి ఫోను చేసి తాత్కాలికపు కార్డు తెప్పించెను. అంతవఱకును ఆమె నా సరసనే కూర్చుండెను.

ఉద్యోగి నెరుగుట యను పని మనుష్యుని చేతినుండి యంత్రము చేతికి పోయినదని ఆ మాట నాకు తేటతెల్లము చేసినది. ఆ భవనమునకు కొలది కిలోమీటర్ల దూరముననే గోలకొండ కలదు. ఫతే దర్వాజా కడ కొట్టిన చప్పట్లు కిలోమీటరు దూరమునగల కొండమీది బాలాహిస్సారున వినబడునట్లు దానిని నిర్మించిన శిల్పుల నేర్పు మెచ్చదగినదే గాని, చప్పట్లు కొట్టువాడును మనుష్యుడే, విని ద్వారము మూయించువాడును మనుష్యుడే. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమగునాటికిని మన కార్యాలయములలో పెక్కింటికి ఒక వాచ్‌మను, ఒక హాజరుపట్టీ, ఒక గేటుపాసుల పుస్తకము, ఇంతే రక్షణ.

కార్డు పని చేయు తీరు మిక్కిలి సులువైనది. గోడకు బిగించిన పరికరమునుండి వెలువడు తరంగములే కార్డులోని చిన్న చిప్పునకు శక్తినిచ్చును. చిప్పు తన సంఖ్యను చెప్పును. కంప్యూటరు ఆ సంఖ్య జాబితాలో నున్నదా యని చూచి, ఉన్నచో తాళము విడిచి, గంట నిమిషములతో సహా వ్రాసికొనును. తలుపు ఎరిగినది సంఖ్యనే గాని మనిషిని గాదు. 2008లో నెదర్లాండ్స్ దేశపు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ప్రపంచమంతట వాడుకలోనున్న మైఫేర్ క్లాసిక్ అను కార్డులోని రహస్యలిపిని ఛేదించి, దానికి నకలు చేయవచ్చునని చూపినపుడు ఈ లోపము బట్టబయలైనది.

కార్డు నమ్మరానిదైనచో దేహమునే కార్డుగా చేసికొందమను తలంపు మనకు క్రొత్తది గాదు. 1858లో బెంగాలు నందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను ఆంగ్లాధికారి ఒక కంట్రాక్టరుచేత ఒప్పందపత్రముపై అరచేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయమే వెలసినది. 2014లో కేంద్రప్రభుత్వ కార్యాలయములు ఆధార్ వేలిముద్రతో హాజరు తీసికొన నారంభించినవి. అయితే సిమెంటు కలిపిన చేతులకును, ఫినాయిలుతో గచ్చు కడిగిన చేతులకును రేఖలు అరిగిపోవును. ఊడ్చు పనిచేయు స్త్రీలు ఆ పరికరము ముందు నిలిచి, వ్రేలిని కొంగుతో తుడిచి తుడిచి, అది చిన్నగా కూసి కాదనుచుండగా మరల నొక్కుచుండుట నేను కన్నులార చూచితిని. పనిచేసి అరిగిన చేయి పనికి వచ్చినట్లు సాక్ష్యమీయలేకపోవుట నాకు చాల బాధ కలిగించినది. కరోనా వచ్చి తాకుటయే భయమైనపుడు వ్రేలు పోయి ముఖము వచ్చినది. పోయిన కార్డును రద్దుచేసి వేఱొకటి ఈయవచ్చును. ముఖముయొక్క లెక్క దొంగల పాలైనచో మఱొక ముఖము నెక్కడ తెత్తుము? కావుననే 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును ఉద్యోగులు శ్రద్ధగా తెలిసికొనవలెనని నా మనవి.

ఇన్ని చేసినను, తన వెనుక రెండు చేతుల నిండ సామానుతో వచ్చువానికై తలుపు పట్టుకొని నిలుచుట మన మర్యాద. అపరిచితుడు లోనికి వచ్చునది ఆ మర్యాద చాటుననే. ఒకసారి ఒక్కరినే విడుచు గేట్లు దీనికొఱకే వచ్చినవి. ఇక ఇంటిదొంగ మాట చెప్పనేల? వానిని ఈశ్వరుడైనను పట్టజాలడని మన పెద్దలే అనిరి.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేయునది తలుపుయొక్క రెండవ ధర్మము. రాదగనివానిని ఆపుట మొదటి ధర్మమైనచో, ఆపదలో లోనున్నవారిని విడుచుట రెండవది. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అను రవికెల కర్మాగారమున అగ్ని రేగినది. పనిపిల్లలు గుడ్డలు దొంగిలింతురేమోయని, పోవునపుడు వారి సంచులు వెదకుటకై అందఱిని ఒకే దారిని పంపుచు, తొమ్మిదవ అంతస్తున రెండవ మెట్లదారి తలుపునకు తాళము వేసి యుంచిరి. నూటనలువదియాఱుగురు మరణించిరి, వారిలో పెక్కురు ఇరువది యేండ్లయినను సరిగా నిండని వలస కుటుంబముల బాలికలు. దొంగతనము భయమున వేసిన తాళము అది.

నేటి అద్దపు తలుపులకు పైన బిగించు విద్యుదయస్కాంతపు తాళము ఆఱువందల పౌండ్లో, అంతకు రెట్టింపో లాగుడును తట్టుకొనును; కరెంటు పోయిన క్షణమున విడిపోవును. అట్లు విడిపోవుటయే దాని గుణము. పొగను కనిపెట్టిన అలారము ఆ కరెంటును త్రుంచునట్లు తీగ కలిపినచో తలుపు తనంత తాను తెఱచుకొనును. ఆ తీగ కలిపిరా లేదా, ప్రక్కనున్న ఆకుపచ్చ పెట్టె నొక్కిన తలుపు వచ్చునా రాదా యని పరీక్షించినవా రెందఱు? యంత్రము మొండికెత్తుటయు కలదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ నెట్‌వర్కు కొన్ని గంటలు స్తంభించినపుడు, ఉద్యోగులలో కొందఱి కార్డులకు వారి భవనముల తలుపులే తెఱచుకొనలేదని పత్రికలు వ్రాసినవి.

అట్టి వేళ మిగులువాడు ఆ వాకిటి మనిషి. 2005నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టముక్రింద వచ్చిన కేంద్ర నమూనా నియమములు, అతనికి నూఱు గంటల పాఠమును అఱువది గంటల క్షేత్ర శిక్షణయు ఈయవలెనని చెప్పుచున్నవి. పండ్రెండు గంటల డ్యూటీలో కూర్చుండుటకు కుర్చీయైన లేని కావలివారిని ఎందఱినో చూచిన నాకు, ఆ శిక్షణలో ఎంత నిజముగా జరుగుచున్నదో యను శంక విడువదు. కెమెరాలకు వెచ్చించు ధనములో కొంత ఇతని జీతమునకు చేరినచో రక్షణ పెరుగునని నేను గట్టిగా నమ్ముచున్నాను.

తిరిగి పోవునపుడు కార్డు అప్పగించుచు, అగ్నిప్రమాదమైనచో మీరేమి చేయుదురని ఆ పెద్దాయన నడిగితిని. ఫోను మీది స్టిక్కరును గోటితో మెల్లగా ఊడదీయుచు ఆయన చెప్పెను: "మెట్ల దగ్గర నిలబడి దిగినవాళ్లను చూసుకుంటా సార్. నాలుగో అంతస్తులో కర్రతో నడిచే సారొకరున్నారు. ఆయన ఒక్కరే దిగలేరు. ముందు ఆయన దగ్గరకు పోవాలి."