కొమ్మ మీద గుడ్లు పెట్టే తూనీగ: అపోహలు – వాస్తవాలు

పడమటి కనుమల అడవుల్లో, చెట్ల నీడన నెమ్మదిగా పారే వాగుల దగ్గర ఓ బుల్లి తూనీగ ఉంటుంది. పేరు పిగ్మీ స్కిమ్మర్, శాస్త్రీయ నామం టెట్రథెమిస్ ప్లాటిప్టెరా. పొడవు సుమారు అంగుళం. నల్లటి ఒంటి మీద పసుపు చారలు, రెక్కల మొదట్లో తేనె రంగు. ఈశాన్య భారతంలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఈ జాతి ఉంది.

అపోహ: ఇంత చిన్నదంటే పెద్ద తూనీగ పిల్లే అయ్యుంటుంది.

వాస్తవం: రెక్కలొచ్చాక ఏ తూనీగా పెరగదు. ఎదుగుదలంతా నీళ్లలో ఉన్నప్పుడే. లార్వాగా దోమ పిల్లల వంటి చిన్న జీవులను తింటూ, పలుమార్లు కుబుసం విడుస్తూ పెరుగుతుంది. ఆఖరి కుబుసం విడిచి గాల్లోకి లేచాక ఇక అదే దాని సైజు.

అపోహ: తోకలో ముల్లుంటుంది, పట్టుకుంటే కుడుతుంది.

వాస్తవం: తూనీగకు కుట్టే ముల్లూ లేదు, విషమూ లేదు. మగ తూనీగ తోక చివర కనిపించే కొక్కేలు జతకట్టేటప్పుడు ఆడదాని తలను పట్టుకోవడానికే. తోకకు దారం కట్టి ఎగరేసే ఆట మాత్రం దాని ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లల చేత ఆ ఆట మాన్పించాలి.

అపోహ: తూనీగలన్నీ తోకను నీళ్లలో ముంచి గుడ్లు పెడతాయి.

వాస్తవం: చాలా జాతులు చేసేది అదే. పిగ్మీ స్కిమ్మర్ మాత్రం నీటి మీదికి వంగిన కొమ్మకో ఆకుకో గుడ్లను ముద్దగా అంటిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు కింది నీళ్లలో పడి అక్కడే పెరుగుతాయి. అంటే దీని సంతానానికి నీరెంత అవసరమో, ఆ నీటి మీద కొమ్మా అంతే అవసరం.

అపోహ: నీళ్లుంటే చాలు, తూనీగలు ఎక్కడైనా బతుకుతాయి.

వాస్తవం: వానాకాలంలో మన పొలాల మీద గుంపులుగా తిరిగే గ్లోబ్ స్కిమ్మర్‌కు ఆ మాట చెల్లుతుంది. సముద్రాలు దాటే ఆ జాతి వాన గుంటల్లోనూ పిల్లల్ని చేస్తుంది. అడవి నీడను నమ్ముకున్న పిగ్మీ స్కిమ్మర్‌కు ఆ వెసులుబాటు లేదు. గట్టు మీది చెట్లు కొట్టేస్తే, వాగు నిండుగా పారుతున్నా దానికి గుడ్లు పెట్టే చోటుండదు.

అందుకే వాగుల బాగు పేరుతో గట్లను నున్నగా చదును చేయవద్దు. నీటి మీదికి వాలిన కొమ్మలను అలాగే ఉండనివ్వండి.