ఎర్రర్ చూపని మ్యాక్రోతోనే జాగ్రత్త!

మార్కుల పట్టికలో 35 కన్నా తక్కువ వచ్చిన సెల్స్ వాటంతటవే ఎర్రగా కనిపించడానికి ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ వాడతాం. ప్రతి పరీక్షకూ ఇదే పని చేయాల్సి వస్తే మ్యాక్రో రాసుకుంటాం. ఆఫీసు ఉద్యోగాలకు వెళ్లాలనుకునే మన హాస్టల్ మిత్రులందరికీ పనికివచ్చే విద్య ఇది. అయితే మ్యాక్రో మొరాయిస్తే ఏం చూడాలి?

1. రన్‌టైమ్ ఎర్రర్ 1004: ముందు షీటుకు ప్రొటెక్షన్ ఉందేమో చూడండి. ఉంటే తీసేసి మ్యాక్రో నడపాలి. తెరిచి ఉన్నది ఒక షీటు, మ్యాక్రో సెలెక్ట్ చేయబోయేది మరో షీటులోని సెల్స్ అయినా ఇదే నంబరు వస్తుంది. అప్పుడు సరైన షీటును ముందుగా యాక్టివేట్ చేయాలి.

2. రంగు వేరేవారి మీద పడటం: ఇక్కడ ఏ ఎర్రరూ రాదు. మార్కులు బి2 నుంచి బి61 వరకు ఉన్నాయనుకుందాం. ఫార్ములా =బి2<35. మ్యాక్రో నడిపేటప్పుడు కర్సర్ బి10లో ఉంటే, "నాకు ఎనిమిది వరుసల పైనున్న సెల్" అని ఎక్సెల్ అర్థం చేసుకుంటుంది. దాంతో బి10లోని విద్యార్థికి బి2లోని విద్యార్థి ఫలితం అంటుకుంటుంది. అందుకే ఫార్ములా చేర్చే ముందు బి2 నుంచి బి61 వరకు సెలెక్ట్ చేయించి, కర్సర్ బి2లో ఉండేలా చూడాలి.

3. పాత నియమాలు పేరుకుపోవడం: నడిపిన ప్రతిసారీ మ్యాక్రో కొత్త నియమం చేరుస్తుంది, పాతది పోదు. పైగా ఫార్మాట్‌కండిషన్స్(1) అంటే మొదటి నియమమే గాని ఇప్పుడు చేర్చినది కాదు. కొత్త రంగు పాత నియమానికి పడుతుంది. కాబట్టి ముందుగా ఫార్మాట్‌కండిషన్స్.డిలీట్ రాయాలి. ఆ సెల్స్‌లోని మిగతా నియమాలూ పోతాయని మరవకండి.

4. అంకెలా కనిపించే టెక్స్ట్: టెక్స్ట్‌గా నమోదైన 28ని ఎక్సెల్ ఏ అంకె కన్నా పెద్దదిగానే లెక్కిస్తుంది. ఎర్ర రంగు రాదు. ఖాళీ సెల్‌ను మాత్రం సున్నాగా తీసుకుని ఎర్రగా చూపిస్తుంది. పరీక్ష రాయనివారికి ఖాళీ వదలకుండా "ఆబ్సెంట్" అని రాయడం మేలు. టెక్స్ట్ అంకెలను "టెక్స్ట్ టు కాలమ్స్"తో మామూలు అంకెలుగా మార్చవచ్చు.

పరీక్షించే పద్ధతి: మ్యాక్రో చేసిన మార్పును అన్‌డూతో వెనక్కి తేలేం. కనుక ఫైలుకు నకలు తీసుకోండి. అందులో 34, 35, 36, ఒక ఖాళీ సెల్, ఒక టెక్స్ట్ అంకె వేసి, ఎడిటర్‌లో ఎఫ్8 నొక్కుతూ ఒక్కో లైనూ నడపండి. తర్వాత మేనేజ్ రూల్స్ తెరిచి, ఫార్ములాలో బి2 అలాగే ఉందో లేదో సరిచూసుకోండి.

ఎర్రర్ వస్తే పని ఆగుతుంది, అంతే. రంగు తప్పితే పాసైన విద్యార్థి ఇంటికి ఫెయిలని కబురు వెళుతుంది. చదువులో వెనుకబడినవాడికి అందాల్సిన ప్రత్యేక తరగతి అందకుండా పోతుంది. కాబట్టి మిత్రులారా, పట్టిక ఇచ్చే ముందు కనీసం ఐదు పేర్లైనా జవాబు పత్రాల మార్కులతో పోల్చి చూడండి.